నలభై చువ్వల చక్రం

పదిహేడో చువ్వ దగ్గర సుభానీ వేలు ఆగింది. గోటితో మళ్ళీ మీటాడు. దాని ముందుది, దాని తరవాతది మీటి చూసి తిరిగి దీని దగ్గరికే వచ్చాడు. పక్కవి రెండూ కంగుమంటున్నాయి, మధ్యది మాత్రం జ్వరం తగ్గి లేచిన మనిషిలా పలుకుతోంది. చువ్వ కొసనున్న నిపుల్‌కి చిన్న తాళంచెవిలాంటి నిపుల్ కీ తగిలించి పావు చుట్టు బిగించాడు. మీటాడు. ఈసారి బాగుంది. పద్ధెనిమిదో దానికి వెళ్ళాడు.

పొద్దున ఆరున్నర. చిలకలూరిపేట పాత హైవే మీద ఆ వేళకి అలికిడి తక్కువ. ఏడు దాటిందంటే గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీ బస్తాలు వేసుకుపోయే లారీలూ, స్పిన్నింగు మిల్లుల బస్సులూ మొదలవుతాయి. ఆ తరవాత చువ్వ మీటడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందుకని చక్రం పని ఏదున్నా సుభానీ ఆ అరగంటలోనే పెట్టుకుంటాడు. పంక్చర్లు, బ్రేకులు, గాలి కొట్టడాలు పగలు ఎప్పుడైనా చేసుకోవచ్చు.

బెండు కంటికి కనిపిస్తుంది. రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పితే ఎక్కడ తగులుతుందో అక్కడ సొట్ట. దాన్ని ఎవరైనా తీస్తారు. బిగువు అలా కనిపించదు. చక్రం గీత గీసినట్టు తిన్నగా తిరుగుతూనే ఉంటుంది, లోపల ఒక చువ్వ పని ఎగ్గొట్టి కూర్చుంటుంది. దాని బరువు పక్క చువ్వలు మోస్తుంటాయి. చిత్రమేమిటంటే చివరికి విరిగేది మోసేవి కాదు, వదులుగా ఉన్నదే. తిరిగిన ప్రతి చుట్టుకీ అటూ ఇటూ అల్లాడి అల్లాడి, చక్రం నడిమి హబ్బు దగ్గర వంపు తిరిగిన చోట పుటుక్కుమంటుంది. ఈ సంగతి సుభానీ ఎవరికి చెప్పినా నమ్మరు. బిగుసుకున్నదే కదా తెగాలి అంటారు.

ఈ చెవి అతనికి సైకిలు షాపులో వచ్చింది కాదు. తండ్రి హుస్సేన్ సాహెబ్ దూది ఏకేవాడు. ఇంటి దూలానికి మనిషి పొడుగు విల్లు వేలాడుతుండేది. పని మొదలుపెట్టే ముందు ఆయన నారిని ఒకసారి మీటి, తల వాల్చి వినేవాడు. నారి వదులైతే దూది ఉండలు కడుతుంది. మరీ బిగిస్తే తెగి మొహం మీద కొడుతుంది. ఆరేళ్ళ సుభానీ దూది పింజల మధ్య కూర్చుని ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాడు. తరవాత ఊళ్ళోకి స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు అటకెక్కింది, కొడుకు సైకిలు షాపుకి ఎక్కాడు. చెవి మాత్రం పాతదే.

ఇప్పుడతనికి అరవై మూడు. సన్నటి మనిషి. నలభై నాలుగేళ్ళు ముందుకి వంగి పనిచేసినందుకు వీపు అలాగే ఉండిపోయింది. ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి ఉంటుంది. మీటీ మీటీ కుడి చూపుడువేలి గోరు కొమ్ములా మందమై పసుపురంగుకి తిరిగింది. కళ్ళజోడు ఒక కాడకి దారం. ఖాకీ చొక్కా, దాని జేబులో ఎప్పుడూ రెండు మూడు నిపుల్స్. షాపు వెడల్పు షట్టరంత. వెనక ఒక గది, అందులో నులకమంచం, ఒక గ్యాసు పొయ్యి.

మిల్లులు జోరుమీదున్న రోజుల్లో షిఫ్టు మారే వేళ ఈ షాపు ముందునుంచి నాలుగొందల సైకిళ్ళు పోయేవి. చప్పుడుని బట్టి ఎవరి సైకిలో చెప్పేవాడు సుభానీ. చైను వదులైన సైకిలుని వెనకనుంచి పేరు పెట్టి పిలిచి ఆపేవాడు. ఇప్పుడు వాళ్ళూ వాళ్ళ పిల్లలూ మోటారుసైకిళ్ళ మీద పోతారు. అతని దగ్గరికి వచ్చేవి చిన్నపిల్లల సైకిళ్ళు, పేపరు వేసేవాళ్ళవి, కూరగాయలమ్మే ఇద్దరు ముసలాళ్ళవి.

భార్య నజీరా జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి వెళ్ళేది. ఇరవై రెండేళ్ళు రోజూ తెల్లారగట్ల ఆమెని క్యారియరు మీద కూర్చోబెట్టుకుని మిల్లు గేటు దాకా దించేవాడు. పిల్లల్లేరు. దగ్గు పట్టుకుని, అది తగ్గక, తొమ్మిదేళ్ళ కిందట ఆమె పోయింది. అప్పట్నుంచి అతని వెనక మనిషంటూ ఎవరూ కూర్చోలేదు. ఆ క్యారియరు మీద ఇప్పుడు గాలి పంపు కూర్చుంటుంది.

నలభై చువ్వలూ అయ్యాయి. లారీ ఒకటి కారం ఘాటు వదిలేసి వెళ్ళింది. సుభానీ తుమ్మి, చక్రాన్ని స్టాండు మీంచి తీసి, గోడకి ఆనించిన పొడుగాటి సైకిలుకి బిగించడం మొదలుపెట్టాడు.

అది రెండు సీట్ల సైకిలు. రెండు జతల పెడల్స్, రెండు హ్యాండిళ్ళు. వెనక హ్యాండిలు తిరగదు, పట్టుకోవడానికి మాత్రమే. పేట మొత్తానికి అలాంటిది అదొక్కటే. మిషన్ బళ్ళో లెక్కలు చెప్పే ఏసుబాబు మాస్టారు పుదుచ్చేరిలో పాతది కొని లారీ మీద వేయించుకొచ్చాడు. ఆయన భార్య జయకుమారి అదే బళ్ళో పాటలు నేర్పుతుంది. రెండేళ్ళప్పుడు తట్టు సోకి ఆవిడకి చూపు పోయింది. మాస్టారు ముందు, ఆవిడ వెనక, ఇద్దరూ తొక్కుతూ రోజూ ఎనిమిదీ ముప్పావుకి షాపు ముందునుంచి బడికి వెళ్తుంటే టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు దించి చూసేవాళ్ళు. మొదటిసారి గాలి కొట్టించుకోవడానికి ఆగినప్పుడు జయకుమారి చెప్పింది, స్కూటరు మీద కూర్చుంటే ఎవరో తనని మోసుకెళ్తున్నట్టుంటుందట, దీని మీదైతే తనూ వెళ్తున్నట్టుంటుందట.

ఆ మాట సుభానీకి బాగా నచ్చింది. కానీ ఆ సైకిలు వెనక చక్రం అతన్ని నాలుగు నెలలుగా ఏడిపిస్తోంది. ఆరుసార్లు చువ్వలు విరిగాయి. ప్రతిసారీ కుడివైపువే, చైను ఉన్న వైపువే. విరిగినదాని స్థానంలో కొత్తది వేశాడు. కంపెనీ మార్చాడు. తుప్పన్నాడు, గతుకులన్నాడు, పుదుచ్చేరి రిమ్మన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్నిటినీ అన్నాడు.

పోయిన శుక్రవారం స్పిన్నింగు మిల్లు మలుపు దగ్గర రెండు చువ్వలు ఒక్కసారే పోయాయి. రిమ్ము అప్పడంలా మడత పడింది. మాస్టారికి మోచేతులు దోక్కుపోయాయి. జయకుమారికి గడ్డం చీరి మూడు కుట్లు పడ్డాయి. సోమవారం మాస్టారు సైకిలుని ఆటో వెనక కట్టించుకుని తెచ్చాడు. ఆయన కోప్పడి ఉంటే సుభానీకి కాస్త తేలికగా ఉండేది. ఆయన కోప్పడలేదు. ఆవిడ ఇక ఎక్కనంటోందనీ, అయినా బాగుచేసి ఉంచమనీ, గురువారం సాయంత్రం ఇద్దరూ వస్తారనీ, అప్పటికీ ఆవిడ మనసు మారకపోతే సైకిలుని ఎవరికైనా ఇచ్చేద్దామనీ చెప్పి వెళ్ళాడు.

నలభై నాలుగేళ్ళలో సుభానీ చెయ్యి పడిన ఏ చక్రమూ మనిషిని కిందపడేయలేదు. ఇప్పుడు పడేసినది చూపులేని మనిషిని. ఎక్కడ పడుతోందో, చేతులెటు చాపాలో కూడా తెలియని మనిషిని. సోమవారం నుంచీ ముద్ద గొంతు దిగడం లేదు. ఎడమ చెయ్యి భుజం దగ్గర్నుంచి లాగుతోంది. మూడు రోజులు చక్రం మీద వంగి ఉన్నందుకనుకుని జండూబామ్ రాసుకున్నాడు. కొత్త రిమ్ము, కొత్త చువ్వలు నలభై. మొత్తం విప్పి మొదట్నుంచీ కట్టాడు. ఇవాళ గురువారం. ఇక మిగిలింది పరీక్ష.

పరీక్షకి అతనికొక పద్ధతి ఉంది. రెండు సీట్ల సైకిలుకి ఇద్దరి బరువు పడితే గానీ చువ్వలు సర్దుకోవు. బిగించేటప్పుడు మెలిపడిన చువ్వ బరువు పడగానే టింగుమని విడివడి కాస్త వదులవుతుంది. దాన్ని మళ్ళీ బిగించాలి. మళ్ళీ బరువు వెయ్యాలి. టింగుమనడం ఆగిపోయేదాకా ఇదే పని. తనొక్కడు. అందుకని మిల్లు వాచ్‌మన్ అంకయ్యని అడిగి ఒక పత్తిగింజల మూట తెచ్చిపెట్టుకున్నాడు. ఎత్తితే ఆడమనిషంత బరువు. దాన్ని వెనక సీటుకి తాడుతో కట్టి, తను ముందు కూర్చుని, మిల్లు గేటు దాకా తొక్కుకెళ్ళి వస్తాడు.

పదింటికి బయల్దేరాడు. టీ కొట్టువాడు మూటకి హెల్మెట్టు పెట్టలేదేమని అడిగాడు. అతను రోజూ ఏదో ఒకటి అడుగుతాడు. సుభానీ నవ్వి పోనిచ్చాడు. వెళ్ళేటప్పుడు రెండు టింగులు వినపడ్డాయి. గేటు దగ్గర దిగి బిగించాడు. వచ్చేటప్పుడు ఏమీ వినపడలేదు. చక్రం నిశ్శబ్దంగా, నిండుగా తిరిగింది.

షాపు ముందు దిగి, మూట విప్పకుండానే స్టూలు మీద కూర్చున్నాడు. సంతోషం రాలేదు. పాత చక్రం కూడా ఆరుసార్లూ ఇలాగే నిశ్శబ్దంగా తిరిగి, ఇలాగే బుద్ధిమంతుడిలా ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నం పక్క షాపు నసీమున్నీసా పిలిచింది. ఆవిడ జాకెట్లు కుడుతుంది, ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. పది రోజులకోసారి కుట్టు మిషను బెల్టు వదులైందని సుభానీని పిలుస్తుంది. అతను వెళ్ళి తోలు బెల్టు కొస కత్తిరించి, మళ్ళీ కొక్కెం తగిలిస్తాడు. ఆవిడ ఒక గిన్నెలో కూర పెట్టి ఇస్తుంది. వాళ్ళిద్దరి మధ్య రాకపోకలు అంతవరకే.

ఇవాళ బెల్టు వేశాక తొక్కి చూడమన్నాడు. ఆవిడ కాళ్ళు ఆడించింది. అతని వేళ్ళు బెల్టు మీద ఉన్నాయి. కాలు నొక్కినప్పుడల్లా బెల్టు ఒకవైపు బిర్రబిగుసుకుంటోంది, రెండోవైపు సడలుతోంది. నొక్కు, వదులు. నొక్కు, వదులు. కాళ్ళు ఆపగానే రెండువైపులా ఒకేలా అయిపోయింది. నలభై ఏళ్ళుగా చూస్తున్న విషయమే. సుభానీ వేళ్ళు తియ్యలేదు.

"ఏంటన్నా, బాలేదా?" అంది నసీమున్నీసా.

"మూట తొక్కదమ్మా," అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. అతను కూర గిన్నె కూడా మర్చిపోయి వచ్చేశాడు.

మూట కూర్చుంటుంది. బరువు వేస్తుంది. తొక్కదు. వెనక సీట్లో మనిషి కూర్చుంటే ఆ మనిషి కాళ్ళ బలం కూడా చైను మీదుగా వెనక చక్రానికే వస్తుంది. ఇద్దరి తొక్కుడూ ఆ ఒక్క చక్రమే, అందులోనూ చైను వైపు చువ్వలే ముందుగా అందుకోవాలి. మూటతో సర్దుకున్న చువ్వలు మనిషి తొక్కగానే మళ్ళీ విడివడతాయి, వదులవుతాయి, అల్లాడతాయి, విరుగుతాయి. చువ్వల తప్పు లేదు, రిమ్ము తప్పు లేదు. మనిషి కూర్చోవలసిన చోట మూటని కూర్చోబెట్టింది తను. సుభానీకి చెవులు వేడెక్కాయి. ఎవరూ చూడకపోయినా సిగ్గేసింది.

అయితే ఇప్పుడు వెనక కూర్చుని తొక్కడానికి ఒక మనిషి కావాలి. వాళ్ళు రాకముందే.

ఎవరిని అడగాలి? నసీమున్నీసాని అడగలేడు, ఊరు ఊరుకోదు. తన సైకిలు మీద గేటు దాకా వెళ్ళి అంకయ్యని అడిగాడు. అంకయ్య మొన్ననే మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు, కుర్చీలోంచి లేవడమే గగనం. టీ కొట్టువాడు పాలు పొంగుతున్నాయన్నాడు. తరవాత సుభానీ షాపు ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఊరంతా పోతోంది. సగంమంది మొహాలు తెలుసు. కొందరి తాతల సైకిళ్ళు కూడా తెలుసు. ఒకరిద్దరు చెయ్యెత్తి పలకరించారు కూడా. కాసేపు వెనక కూర్చుని తొక్కుతావా అని అడగడానికి ఆ పలకరింపు చాలదు. అడగబోయి రెండుసార్లు నోరు తెరిచి, గాలి కొట్టాలా అని అడిగాడు. పేటలో పుట్టి పేటలో పెరిగినవాడు, ఒక మైలు దూరం వెనక కూర్చునే మనిషి లేకపోయాడు. ఈ సంగతి ఎప్పట్నుంచో ఉన్నదే. ఇవాళ ఎండలో నిలబడి చూసేసరికి గుండెలో కలుక్కుమంది. లోపలికి వచ్చి మూట తాళ్ళు విప్పి, దాన్ని మూలకి నెట్టాడు.

నాలుగున్నరకి ఆటో ఆగింది. ఏసుబాబు మాస్టారు దిగి చెయ్యి అందించాడు. జయకుమారి దిగింది. నలభైకి దగ్గర పడిన మనిషి, నీలం రంగు నేతచీర. గడ్డం మీద తెల్ల ప్లాస్టరు. సుభానీ దానివైపు చూసి, ఆవిడ తనని చూడలేదని తెలిసి కూడా తల దించుకున్నాడు.

మాస్టారు చక్రం తిప్పి చూశాడు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆ మాటకి ఊఁ అని ఊరుకుంటే సరిపోయేది. వారమో పది రోజులో అది బాగానే తిరిగేది కూడా.

"బాగాలేదు మాస్టారూ," అన్నాడు సుభానీ. "నేనింతవరకూ దీన్ని మనిషితో తోలి చూళ్ళేదు. వెనక మూట కట్టి తోలాను. అన్నిసార్లూ అంతే. మూట తొక్కదని నాకు ఇవాళ తెలిసింది. టీచరమ్మ పడింది నా మూలాన."

మాస్టారు చక్రం మీంచి చెయ్యి తీశాడు. జయకుమారి మొహం గొంతు వచ్చిన వైపుకి తిరిగింది.

"మీరు బాగుచేసిన ప్రతిసారీ, నేనెక్కిన మొదటిరోజు ఆ చప్పుడు వినపడేది బాబాయ్," అంది నెమ్మదిగా. "టింగుమని నా కాళ్ళ కింద. ఏదో సర్దుకుంటోందేమో అనుకునేదాన్ని. మీరడగలేదు, నేను చెప్పలేదు."

ఆరుసార్లు అడిగి ఉండొచ్చు. విరిగిన చువ్వని అడిగాడు, రిమ్ముని అడిగాడు, కూర్చున్న మనిషిని అడగలేదు.

తరవాత పని చకచకా జరిగింది. మాస్టారు ముందు, సుభానీ వెనక. షాపు దాటి వంద గజాలు పోకముందే నాలుగు టింగులు వినపడ్డాయి, వరసగా, కుడివైపునుంచి. ఆ చప్పుడు వింటే సుభానీకి దొంగ దొరికినట్టయింది. వెనక్కి వచ్చి, చువ్వల్ని జతలు జతలుగా అరచేతుల్లో పట్టి గట్టిగా నొక్కి, ఒక్కొక్కటీ బిగించాడు. మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఒక్కటే. మళ్ళీ బిగించాడు. మూడోసారి ఏమీ లేదు. మాస్టారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. సుభానీ స్టూలు మీద కూర్చుని కాసేపు గసపోశాడు.

ఇక మీరిద్దరూ వెళ్ళి రండి అని మాస్టారితో అన్నాడు. జయకుమారి కదల్లేదు.

"ఆయన నడిపితే నేనెక్కను," అంది. "చక్రం కట్టింది మీరు. ముందు సీట్లో మీరే కూర్చోండి. పడితే ఇద్దరం పడదాం."

మాస్టారు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. సుభానీ లేచి చేతులు పాత గుడ్డకి తుడుచుకుని, ఆ గుడ్డతోనే వెనక సీటు కూడా తుడిచాడు.

వెనక మనిషి ఎక్కినప్పుడు సైకిలు చిన్నగా కిందికి దిగుతుంది. ఆ దిగడం అతని నడుముకి తెలిసింది. రోడ్డు మీదికి వచ్చాక ఆవిడ మొదట పెడల్స్ మీద కాళ్ళు ఆనించి ఊరుకుంది. టీ కొట్టు దాటాక తొక్కడం మొదలుపెట్టింది. సుభానీ కాళ్ళ కింద పెడల్స్ వాటంతటవే ముందుకి పోసాగాయి. క్యారియరు మీద నజీరా కూర్చున్నప్పుడు బరువు ఉండేది, వెచ్చదనం ఉండేది, ఇలా వెనకనుంచి వచ్చే బలం ఉండేది కాదు. ఇంకొకరి బలం తన కాళ్ళలోకి వస్తే ఇలా ఉంటుందని అరవై మూడేళ్ళకి తెలిసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. దుమ్మేమోనని తుడుచుకున్నాడు. మళ్ళీ చెమ్మగిల్లాయి.

స్పిన్నింగు మిల్లు మలుపు వచ్చింది. ఇక్కడే కదా అంది ఆవిడ. ఇక్కడే అన్నాడు. ఆవిడ తొక్కడం ఆపలేదు. మలుపు తిరిగాక, "ఆపండి బాబాయ్," అంది.

అతనికేమీ వినపడలేదు. పక్కన లారీ పోతోంది.

"ఒకటి పలికింది. కుడివైపే."

గోడ వారన సైకిలు ఆపాడు. జయకుమారి దిగి, రోడ్డు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చక్రం వెతుక్కుంది. చువ్వలు ఒక్కొక్కటే మీటుతూ పోయింది. అతని గోరు చేసిన పనే ఆవిడ గోరూ చేసింది. ఒకదాని దగ్గర ఆగింది. అతను వంగి విన్నాడు. తేడా ఉందో లేదో అన్నంత. పొద్దునైతే అతను దాన్ని బాగుందని వదిలేసేవాడు.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే. పక్కవాటికంటే శ్రుతి కొంచెం కిందుంది."

కీ పెట్టి పావు చుట్టు, దానిమీద ఇంకో పిసరు తిప్పాడు. ఆవిడ మీటింది. ఇంకొంచెం అంది. తిప్పాడు. ఆవిడ తలాడించింది. నలభై నాలుగేళ్ళలో అతను విన్నది ఇంకొకరు కూడా వినడం ఇదే మొదలు. తండ్రి పోయాక ఆ చెవి లోకంలో తనొక్కడికే ఉందనుకున్నాడు. ఆ మాట ఆవిడకి చెబుదామనుకుని, ఎలా చెప్పాలో తెలియక, దూదేకే విల్లు సంగతి చెప్పాడు. నారి వదులైతే ఏమవుతుందో, బిగిస్తే ఏమవుతుందో చెప్పాడు. ఆవిడ రోడ్డు పక్కన అలాగే కూర్చుని, లేవాలన్న తొందరేమీ లేకుండా విన్నది.

వచ్చేటప్పుడు చక్రం ఒక్కసారి కూడా పలకలేదు. రేపట్నుంచి బడికి దీనిమీదే అని ఆవిడ భర్తతో చెప్పింది. కొత్త చక్రం కనక వారం నడిచాక ఒక్కసారి చూడాలనీ, ఎల్లుండి కాక ఆపై శనివారం తీసుకురమ్మనీ సుభానీ అన్నాడు. వస్తాం గానీ అప్పుడు కూడా ముందు మీరే కూర్చోవాలి అంది జయకుమారి. అలాగేనమ్మా అన్నాడు. అలాగేనమ్మా అని, వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ ఒకసారి అనుకున్నాడు.

ఆ సాయంత్రం అతను చాలా రోజులకి ఆకలి మీద తిన్నాడు. నసీమున్నీసా కూర గిన్నె తనే తెచ్చి ఇచ్చింది. సుభానీ అంతకుముందెన్నడూ లేనంత మాట్లాడాడని ఆవిడ తరవాత చెప్పింది. ఆ శనివారం గురించి, వెనక కూర్చుని తొక్కే మనిషి గురించి, చెవి గురించి చెప్పాడట. భుజం పట్టేసిందా అన్నా అంటే, ఇవాళ ఇద్దరితో కలిసి తొక్కాను కదా అన్నాడట. చీకటి పడకముందే మిగిలిన చువ్వల్లోంచి నాలుగు తీసి, ఆ చక్రానికి సరిపోయేలా కొలిచి కత్తిరించి, మరలు వేసి, చివర నిపుల్స్ తగిలించాడు. తరవాత షట్టరు దించుకున్నాడు.

శుక్రవారం ఎనిమిదీ ముప్పావుకి రెండు సీట్ల సైకిలు ఆ దారిన వెళ్ళింది. వెనక సీట్లోంచి జయకుమారి వెళ్తున్నాం బాబాయ్ అని పిలిచింది. జవాబు రాలేదు. లారీని తప్పించుకుంటున్న మాస్టారు షట్టరు వైపు చూడలేదు. ఏదో చక్రం వింటున్నాడనుకుంది. తొమ్మిదిన్నరకి నసీమున్నీసా గిన్నె కోసం షట్టరు తట్టింది. పదింటికి టీ కొట్టువాడూ ఇంకో ఇద్దరూ కలిసి దాన్ని పైకెత్తారు. సుభానీ నులకమంచం మీద గోడవైపుకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. డాక్టరు గుండె అన్నాడు. నొప్పి ఎక్కువసేపు పడి ఉండడన్నాడు.

సాయంత్రం అసర్ నమాజు తరవాత ఖబరస్తానుకి తీసుకెళ్ళారు. ఏసుబాబు మాస్టారు కూడా కాసేపు భుజం పట్టాడు. దారి పొడుగునా షాపుల ముందు ఇన్నాళ్ళూ మొహం మాత్రమే తెలిసినవాళ్ళు చాలామంది నిలబడ్డారు. పిలిస్తే వెనక కూర్చునేవాళ్ళే అయి ఉంటారు కొందరు.

చెప్పిన మాట ప్రకారం ఆ పై శనివారం జయకుమారి వచ్చింది. మాస్టారు మూసిన షట్టరు ముందు సైకిలుని ఆపి పట్టుకున్నాడు. ఆవిడ కింద కూర్చుని నలభై చువ్వలూ మొదట్నుంచి చివరిదాకా మీటి విన్నది. లేచి చేతులు దులుపుకుంది. నసీమున్నీసా బయటికి వచ్చి, గదిలో మంచం పక్కన దొరికిందని ఒక చిన్న కట్ట ఆవిడ చేతిలో పెట్టింది. జయకుమారి దాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమింది. చుట్టిన కాగితం మీద వేలు ఆగితే, ఏం రాసుందని అడిగింది. నసీమున్నీసా కూడబలుక్కుని చదివింది: టీచరమ్మ వెనక చక్రం, కుడివైపు. జయకుమారి నాలుగు నిపుల్స్‌నీ ఒక్కొక్కటే వేలితో తాకి లెక్కపెట్టింది. తరవాత కట్టని తిరిగి ఇచ్చేసి, మీ దగ్గరే ఉండనివ్వండి, విరిగినప్పుడు వచ్చి తీసుకుంటానంది.

సైకిలు షాపులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. పత్తి మళ్ళీ వచ్చింది, మిర్చి మళ్ళీ వచ్చింది. రెండు సీట్ల సైకిలు ఎనిమిదీ ముప్పావుకి బడికి వెళ్తూనే ఉంది. నసీమున్నీసా కుట్టు మిషను పైన, కొలత టేపు వేలాడే మేకుకి, ఎర్రదారంతో రెండు చుట్లు కట్టిన నాలుగు కొత్త చువ్వలు ఉన్నాయి, వాటి చివర నూనె రాసిన నిపుల్స్ ఇంకా మెరుస్తున్నాయి.